మిడిల్‌సెక్స్ జిల్లా కాదండీ

సంపాదకుడు గారికి,

మీ క్రీడల పేజీలో మిడిల్‌సెక్స్ క్రికెట్ జట్టు వార్త రాస్తూ, మిడిల్‌సెక్స్‌ను ‘లండన్ పక్కనున్న జిల్లా’ అని రాశారు. అది చదివి నరసరావుపేట నుంచి మా మామయ్య ఫోన్ చేశారు: ‘నువ్వుండే హారో కూడా అందులోదేగా, జిల్లా కేంద్రం ఏదిరా?’ అని.

ఏం చెప్పను? అది మన జిల్లా లాంటి కౌంటీ, ఇప్పుడు అదే లేదు. 1965 ఏప్రిల్ 1న కౌంటీ కౌన్సిల్‌ను ఎత్తేసి, చాలా భాగాన్ని గ్రేటర్ లండన్‌లో కలిపేశారు. స్టెయిన్స్, సన్‌బరీ సర్రేకి పోయాయి, పాటర్స్ బార్ హెర్ట్‌ఫర్డ్‌షైర్‌కి. హీత్రూలో దిగే మనవాళ్లు కాలు పెట్టేది పాత మిడిల్‌సెక్స్ నేల మీదే.

ఉన్న రోజుల్లోనైనా కేంద్రం సంగతి గందరగోళమే. పద్దెనిమిదో శతాబ్దంలో ఆ కౌంటీ పార్లమెంటు ఎన్నికలు బ్రెంట్‌ఫర్డ్ అనే ఊళ్లో జరిపేవారు. 1889లో లండన్ కౌంటీ ఏర్పడి, జనం కిక్కిరిసిన వెస్ట్‌మినిస్టర్, ఇస్లింగ్టన్, హాక్నీ లాంటివన్నీ అటు వెళ్లిపోయాయి. అయినా మిడిల్‌సెక్స్ కౌన్సిల్ మాత్రం వెస్ట్‌మినిస్టర్‌లోనే, పార్లమెంటుకు ఎదురుగా కూర్చుంది. తమది కాని గడ్డ మీద నుంచి తమ కౌంటీని ఏలుకున్నారన్నమాట! 1913లో అక్కడ కట్టుకున్న గిల్డ్‌హాల్ అనే భవనంలో 2009 నుంచి బ్రిటన్ సుప్రీంకోర్టు నడుస్తోంది. మీ వార్తలోని జట్టు సొంత మైదానం లార్డ్స్‌దీ అదే కథ. అది కూడా 1889లోనే లండన్ కౌంటీలోకి పోయింది.

పేరు మాత్రం పోలేదు. ఇంగ్లండ్‌లో స్థిరపడ్డ పాత తెగ సాక్సన్లలో తూర్పు వాళ్లది ఎసెక్స్, దక్షిణం వాళ్లది ససెక్స్, పడమటి వాళ్లది వెసెక్స్ అయితే, నడుమ వాళ్లది మిడిల్‌సెక్స్. వెయ్యేళ్లు దాటిన పేరు ఒక చట్టంతో చెరిగిపోతుందా? అడ్రసులో కౌంటీ పేరు అక్కర్లేదని 1996లోనే పోస్టల్ శాఖ వదిలేసింది, పోస్ట్‌కోడ్ ఉంటే చాలు. అమ్మ ఆవకాయ పార్శిల్ మీద ఇప్పటికీ మిడిల్‌సెక్స్ అనే రాయిస్తుంది, అది నేరుగా ఇంటికే వస్తుంది. ఆ మధ్య ఇన్సూరెన్స్ కోసం ఒక వెబ్‌సైట్ తెరిస్తే, కౌంటీ గడి నింపందే ముందుకు పోనివ్వలేదు. జాబితాలో మిడిల్‌సెక్స్ ఉంది, గ్రేటర్ లండన్ లేదు! ఇంటి మీద కౌన్సిల్ ట్యాక్స్ కట్టేదేమో లండన్ బరోకి, అంటే గ్రేటర్ లండన్‌లోని స్థానిక పాలన విభాగానికి.

మామయ్యకు చివరికి పల్నాడు పేరు చెబితే గానీ ఎక్కలేదు. 2022లో జిల్లా అయ్యేదాకా మనం పల్నాడు అనడం మానామా?

కాబట్టి ఈసారి ‘మిడిల్‌సెక్స్ జట్టు’ అని రాయండి, కావాలంటే ‘పాత కౌంటీ’ అనండి. జిల్లా అని మాత్రం వద్దు, మామయ్య ఈసారి కలెక్టర్ ఎవరని అడుగుతారు.

- ఒక పాఠకుడు, హారో, లండన్