జూన్ వార్తాలేఖ: నా మెడ, మన షెడ్డు లెక్కలు, పిల్లల తల దెబ్బలు

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

ప్రతి నెలా ఈ ఉత్తరంలో మన రెజ్లింగ్ బడిలో కొత్తగా ఎవరు చేరారు, ఎవరు ఏ పట్టు నేర్చుకున్నారు అని రాస్తుంటాను. ఈసారి ఆ కబుర్లు పక్కన పెడుతున్నాను. మీ దగ్గర దాచిన సంగతి ఒకటి ఉంది, ముందు అది చెప్పాలి. ఎనిమిది నెలలుగా నా మెడ బాగాలేదు.

మే రెండో వారంలో ఒక సాయంత్రం. క్లాసు మొదలయ్యే ముందు రింగు నాలుగు మూలల్లో టర్న్‌బకిల్ (చుట్టూ ఉన్న రోప్‌ను బిగుతుగా పట్టి ఉంచే మర) బోల్టులు బిగించడం నా రోజువారీ పని. రోప్ వదులుగా ఉంటే దాని మీదికి పరిగెత్తుకొచ్చి వీపు ఆనించే పిల్ల నేరుగా బయటి సిమెంటు మీద పడుతుంది. అందుకే ఆ పని ఇన్నేళ్లలో ఎవరికీ అప్పగించలేదు. మూడో మూల దగ్గర పానా నా చేతిలోంచి జారిపోయింది. వంగి తీశాను. మళ్లీ జారింది. బొటనవేలికీ చూపుడువేలికీ ఇనుము తగులుతున్నట్టే తెలియలేదు. పక్కన కూర్చుని బూట్ల లేసులు కట్టుకుంటున్న పదిహేనేళ్ల అమ్మాయి లేచొచ్చి పానా తీసుకుంది. ఏమీ అడగలేదు. బోల్టు మూడు చుట్లు తిప్పింది, రోప్‌ని రెండు చేతులతో గట్టిగా లాగి చూసింది, నాలుగో మూలకు వెళ్లి అదీ బిగించింది. తిరిగొచ్చి పానా నా ఎడమ చేతిలో పెడుతూ, "నొప్పి ఉంటే చెప్పాలని మాకు రోజూ చెప్తారు కదా సర్" అంది.

మర్నాడే వెళ్లి ఎమ్మారై తీయించుకున్నాను. మెడలో ఐదు, ఆరు ఎముకల మధ్య డిస్క్ బయటికి వచ్చి నరాన్ని నొక్కుతోంది. ఇరవై ఏళ్లుగా వీపు మీద పడ్డ శరీరం ఇది, డాక్టరుకు ఆశ్చర్యం కలగలేదు. ఇకపై ఒక్క బంప్ కూడా తీసుకోకూడదన్నారు, అంటే ఒక్కసారి కూడా మ్యాట్ మీద పడకూడదు. మూడు నెలలు మందులు, ఫిజియోథెరపీ. అప్పటికీ చేతి పట్టు తగ్గుతూ పోతే ఆపరేషన్. దానికి ఆసుపత్రిలో చెప్పిన అంచనా 2,80,000 రూపాయలు.

ఎందుకు దాచానంటే, భయపడ్డాను. సార్‌కే మెడ పట్టేసిందని తెలిస్తే పిల్లల్ని మానిపించేస్తారని, ఫీజులు ఆగిపోతాయని, షెడ్డు అద్దె కట్టలేనని. నా స్వార్థం కోసమే దాచాను. అంతకంటే పెద్ద తప్పు ఇంకొకటి ఉంది. నన్ను చూస్తూ పెరిగే 31 మంది పిల్లలకు, నొప్పి దాచి రింగెక్కడమే మగతనమని, ధైర్యమని, నోటితో కాకుండా ఒంటితో నేర్పాను. ఆ విషయంలో మీ అందరినీ క్షమించమని అడుగుతున్నాను.

"అంతా ముందే అనుకుని చేసేదే కదా, దెబ్బలెలా తగులుతాయి?" అని చేర్పించేటప్పుడు చాలామంది అడుగుతారు. ప్రొఫెషనల్ రెజ్లింగ్‌లో ఎవరు గెలవాలో ముందే అనుకుంటారు, నిజమే. కానీ పడేది నిజంగానే పడతారు. మన రింగు బాలానగర్‌లో వెల్డింగ్ చేయించిన ఇనుప చట్రం. దాని మీద ప్లైవుడ్ చెక్కలు, చెక్కల మీద పల్చటి ఫోమ్, పైన కాన్వాస్. టీవీలో పరుపులా కనిపిస్తుంది గానీ ఒకసారి వచ్చి అరచేత్తో చరిచి చూడండి, మోగుతుంది. అందుకే మొదటి మూడు నెలలు మేం నేర్పేది పడటమే. గడ్డం ఛాతీకి ఆనించాలి, తల వెనక్కి వాలకూడదు. వీపు పైభాగం, రెండు చేతులూ ఒకేసారి మ్యాట్‌ను తాకాలి, తాకే క్షణంలో ఊపిరి వదలాలి. నేను పాతబస్తీ తాలీంలో, అంటే కుస్తీ నేర్పే చోట, మట్టిలో కుస్తీ నేర్చుకున్నవాణ్ణి. అక్కడ వీపు నేలకు తగిలితే ఓడిపోయినట్టు. వీపు మీద పడటమే విద్య అని ఇక్కడికొచ్చాక నాకు అర్థం కావడానికి ఏడాది పట్టింది. మట్టి మెత్తన, దెబ్బను మింగేస్తుంది. ప్లైవుడ్ మింగదు.

గడ్డం ఒక్క క్షణం ఆలస్యంగా దగ్గరికి వస్తే తల వెనక భాగం కొట్టుకుంటుంది. ఈ ఉత్తరంలో మీరు మిగతావి వదిలేసినా ఈ భాగం మాత్రం ఇద్దరూ చదవండి, అమ్మా నాన్నా.

తలకు దెబ్బ తగిలి పిల్లలకు కళ్లు తిరిగినా, మసకగా కనిపించినా, అడిగిందే మళ్లీ అడుగుతున్నా, కడుపులో తిప్పినా, మెదడు అదిరిందనే అనుకోవాలి. స్పృహ తప్పితేనే ప్రమాదం అనుకోవడం పొరపాటు. స్పృహ తప్పకుండా కూడా మెదడు అదురుతుంది. ఆ రోజు ఇక రింగెక్కడం ఉండదు. 'పది నిమిషాలు కూర్చుని వస్తాను సర్' అన్నా ఒప్పుకోం. మొదటి ఒకటి రెండు రోజులు విశ్రాంతి, ఫోన్, టీవీ కూడా తక్కువగానే. తర్వాత నడక, ఆ తర్వాత తేలికపాటి వ్యాయామం, అలా మెట్టు మెట్టుకీ కనీసం 24 గంటల ఎడం. డాక్టరు రాసిచ్చాకే పడటం. పెద్దవాళ్లకంటే పిల్లలకు కోలుకోవడానికి ఎక్కువ రోజులు పడుతుంది, నెల పట్టినా కంగారు పడకండి. కానీ తలనొప్పి పెరుగుతూ పోతున్నా, వాంతులు ఆగకపోయినా, మూర్ఛ వచ్చినా, లేపితే లేవకపోయినా, ఒక కంటిపాప రెండోదానికంటే పెద్దగా కనిపించినా నాకు ఫోన్ చేస్తూ సమయం పోగొట్టుకోవద్దు. 108కి చేయండి.

క్రిస్ నొవిన్‌స్కీ అనే రెజ్లర్ గురించి పిల్లలకు పోయిన వారం చెప్పాను. హార్వర్డ్‌లో చదువుకుని, అమెరికాలోని పెద్ద రెజ్లింగ్ కంపెనీ డబ్ల్యూడబ్ల్యూఈలోకి వెళ్లినవాడు. 2003లో తలకు దెబ్బ తగిలింది. ఎవరికీ చెప్పకుండా తలనొప్పితోనే కొన్ని వారాలు మ్యాచ్‌లు ఆడాడు. దాంతో రింగు జీవితమే ముగిసింది. ఆ తర్వాత ఆటగాళ్ల తల గాయాల మీద పరిశోధన కోసం సంస్థ పెట్టి, ఇవాళ్టికీ అదే పని చేస్తున్నాడు. ఒక కుర్రాడు వెంటనే ఎడ్జ్ అనే ఇంకో డబ్ల్యూడబ్ల్యూఈ రెజ్లర్ పేరెత్తాడు. 2011లో మెడ కారణంగా రిటైరై, 2020లో రాయల్ రంబుల్ అనే పెద్ద షోలో తిరిగొచ్చాడు కదా సర్, మీరూ వస్తారు అన్నాడు. వాడి ప్రేమకు నా కళ్లు తడిశాయి. అయినా వాడికి చెప్పాను: ఎడ్జ్ ముందు ఆగాడు నాన్నా, డాక్టర్లు వద్దన్నరోజు ఆగాడు. నేను ఎనిమిది నెలలు ఆగలేదు.

ఇక డబ్బు సంగతి. ఇదీ దాచను.

నెలకు షెడ్డు అద్దె 32,000. మన సహాయ శిక్షకురాలికి 15,000. వారానికోసారి వచ్చే ఫిజియోథెరపిస్టుకు నెలకు 8,000. కరెంటు 4,500. శుభ్రం చేసే మందు, టేపు, ప్రథమ చికిత్స సామాను, బోల్టులు కలిపి 3,000. మొత్తం 62,500. ఫీజు 1,800. తొమ్మిది కుటుంబాలు కట్టలేని స్థితిలో ఉన్నాయి, వాళ్ల దగ్గర నేను అడగను. మిగిలిన 22 మంది కడితే వచ్చేది 39,600. నెలకు 22,900 తగ్గుతోంది. ఇన్నాళ్లూ ఆ లోటు బయటి షోల డబ్బుతో పూడ్చాను. నేను రింగెక్కలేకపోవడంతో షోలు ఆగిపోయాయి. సంక్రాంతికి ఒక ఫంక్షన్ హాల్లో చేసిన షోకు రావాల్సిన 60,000 ఇప్పటికీ రాలేదు, పిలిచినాయన ఫోన్ ఎత్తడం లేదు. చిట్టీ పాడేశాను. మా ఆవిడ గాజులు తాకట్టులో ఉన్నాయి. జాలి కోసం ఇదంతా రాయడం లేదు. మీ పిల్లలు రోజూ ఎక్కే రింగు ఏ డబ్బు మీద నిలబడిందో తెలుసుకునే హక్కు మీకుంది.

2023 సెప్టెంబర్ 8న గచ్చిబౌలి స్టేడియంలో డబ్ల్యూడబ్ల్యూఈ షో జరిగి, వాళ్ల పేరున్న రెజ్లర్ జాన్ సీనా మన ఊళ్లో రింగెక్కిన తర్వాత చేరిన పిల్లలే మన దగ్గర సగం మంది. మీలో కొందరు అడుగుతుంటారు, మా వాడు అక్కడికి వెళ్లగలడా అని. అమెరికాలో వాళ్ల శిక్షణ కేంద్రంలో ఏడు రింగులు, సొంత వైద్యులు ఉంటారు. మనకున్నది ఒక రింగు, పైన వానొస్తే రెండు చోట్ల కారే రేకులు. అయినా దారి లేదనను. హర్యానా అమ్మాయి కవితా దేవి, జలంధర్‌లో గ్రేట్ ఖలీ అనే రెజ్లర్ పెట్టిన బడిలో నేర్చుకునే, 2017లో సల్వార్ కమీజ్‌తో డబ్ల్యూడబ్ల్యూఈ రింగెక్కింది. ఆ మ్యాచ్ వీడియో మన ఆడపిల్లలు ఎన్నిసార్లు చూశారో లెక్కలేదు. కానీ అక్కడిదాకా వెళ్లేది లక్షల్లో ఒకరు. మిగతావాళ్లు ముప్పై ఏళ్లకు కూడా మెడ తిప్పి వెనక్కి చూడగలిగేలా ఇక్కడినుంచి బయటికి వెళ్లాలి. అందుకే ఫిజియో 8,000 తీసేయమని ఇద్దరు ముగ్గురు సలహా ఇచ్చినా నేను ఒప్పుకోలేదు. అద్దె బాకీ పడితే పడనీ, ఆ ఖర్చు మాత్రం తగ్గదు.

జులై నుంచి మారేవి ఇవి. క్లాసు మన సహాయ శిక్షకురాలు నడుపుతుంది. పన్నెండేళ్ల వయసులో మన దగ్గరే మొదలుపెట్టిన అమ్మాయి, పడటం నేర్పడంలో ఇప్పుడు నాకంటే ఓపిక ఎక్కువ. నేను కుర్చీలో కూర్చుని చూస్తాను, మాటతో సరిదిద్దుతాను. పద్నాలుగేళ్లలోపు పిల్లలకు టాప్ రోప్ (అన్నిటికంటే పై రోప్) మీది నుంచి దూకడం పూర్తిగా బంద్, ఎంత బతిమాలినా సరే. షెడ్డు ఉదయం పూట యోగా క్లాసుకు ఇస్తున్నాను, దానికి 10,000 వస్తుంది. ఫీజు 2,200 చేస్తున్నాను. 22 మంది కడితే 48,400, యోగా డబ్బుతో 58,400. ఇంకా తగ్గే నాలుగు వేల చిల్లర నేను చూసుకుంటాను. కట్టలేనివాళ్లు పిల్లల్ని మానిపించొద్దు. నాతో ఒక మాట చెప్పండి చాలు, ఆ మాట నాలుగో మనిషికి తెలియదు. ఈ దసరాకు మన షో ఉండదు, కొత్త డ్రస్సులు కుట్టించుకున్న పిల్లలకు ఈ సంగతి నేనే చెబుతాను.

ఇంకో పని మీరు చేయాలి. ఇంట్లో ఆరోగ్య బీమా ఉంటే పాలసీ కాగితం తీసి 'ప్రమాదకర క్రీడలు' అనే మినహాయింపు చదవండి. ఆ ఆటల్ని వృత్తిగా ఆడేవాళ్ల గాయాలకు డబ్బివ్వబోమని చాలా పాలసీల్లో రాసి ఉంటుంది. మీ పిల్లల శిక్షణకు అది వర్తిస్తుందో లేదో కంపెనీ నుంచి రాతపూర్వకంగా తెప్పించుకోండి. ఆరోగ్యశ్రీ కార్డు ఉన్నవాళ్లు ఒక జిరాక్స్ మాకు ఇవ్వండి, ఫైల్లో ఉంచుతాం. పిల్లల ఒంటి మీద గుండ్రంగా ఎర్రటి మచ్చ, దురద కనిపిస్తే అది తామర కావచ్చు, వానాకాలంలో మ్యాట్ మీద ఒకరి నుంచి ఒకరికి త్వరగా అంటుకుంటుంది. తగ్గేదాకా పంపకండి, ఆ రోజుల ఫీజు తీసుకోం.

వచ్చే శనివారం సాయంత్రం 5 గంటలకు షెడ్డులోనే సమావేశం. ఇద్దరిలో ఒకరైనా రండి. లెక్కల పుస్తకం, నా స్కాన్ రిపోర్టు టేబుల్ మీద పెడతాను, ఎవరైనా తిప్పి చూడొచ్చు. మీరు ఏం అడిగినా జవాబు చెబుతాను, కోప్పడినా వింటాను. చెప్పులు బయట విప్పండి. సమావేశానికి ముందు రింగు బోల్టులు ఎలా చూసుకోవాలో పిల్లలే మీకు చూపిస్తారు. ఇప్పుడు ఆ పని వంతులవారీగా వాళ్లే చేస్తున్నారు, ఈ వారం వంతు ఎవరిదో గోడ మీద రాసి ఉంటుంది.

మీ,
ప్రధాన శిక్షకుడు