పెరటి కోడిపిల్లల రక్తపారుడు: పది గ్రాముల మందు పొట్లం దొరకదా?

సంపాదకుడు గారికి,

అయ్యా,

పోయిన వారం మీ జిల్లా పేజీలో మెట్ట పల్లెల్లో కోడిపిల్లలు వింత రోగంతో చచ్చిపోతున్నాయని, బర్డ్ ఫ్లూ అయి ఉండొచ్చని పెద్ద అక్షరాలతో వేశారు. పోనీలే, ఎవరో ఒకరు సరిచేస్తారులే అని ఇన్నాళ్లు ఆగాను. ఎవరూ సరిచేయలేదు. ఈలోపల మా పల్లెకు వారం వారం వచ్చే మారుబేరగాడు కోళ్లు వద్దని బండి తిప్పుకుని పోయాడు. సంతలో నాటుకోడిని చూసి మనుషులు ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకుంటున్నారు. నేను పశువుల ఆస్పత్రిలో అసిస్టెంటుగా చేసి రిటైరైనవాణ్ణి. డాక్టర్ని కాను. కానీ ఈ జబ్బును గుర్తుపట్టడానికి డాక్టరే కానక్కరలేదు.

మీ విలేకరి రాసిన లక్షణాలే మళ్లీ చదవండి. నెల వయసు పిల్లలు, రెక్కలు వేలాడేసుకుని, ఈకలు నిక్కబొడుచుకుని, కళ్లు మూసి ఒకచోట ముడుచుకుని నిలబడుతున్నాయి. రెట్టలో నెత్తురు. పిల్లల తల్లి మాత్రం శుభ్రంగా దిబ్బ కెలుక్కుంటూ తిరుగుతోంది. ఇన్ని రాసినవాడు చివరన బర్డ్ ఫ్లూ అని ఎట్లా అనుమానించాడో నాకు అంతుబట్టదు. బర్డ్ ఫ్లూ తల్లీ పిల్లా చూసుకుని రాదు. 2024 ఫిబ్రవరిలో మన నెల్లూరు జిల్లాలోనే పొదలకూరు మండలం చాటగుట్లలో, కోవూరు మండలం గుమ్మళ్లదిబ్బలో వచ్చినప్పుడు చూశాం కదా. శాంపిళ్లు భోపాల్ ల్యాబుకు పోయాయి, రోగం ఖాయమని తేలింది, చుట్టుపక్కల చికెన్ అంగళ్లు మూయించారు. అప్పటి భయం ఇంకా జనంలో ఉంది. దాని మీద మీరు కిరసనాయిలు పోశారు. వార్తకు తగిలించిన ఫోటో అయినా మా పెరటి కోళ్లదా అంటే అదీ కాదు, ఏదో షెడ్డులో వేల కొద్దీ తెల్ల బ్రాయిలర్లు! మా పల్లెలో అంత పెద్ద షెడ్డు బడికి కూడా లేదు.

ఇది రక్తపారుడు. డాక్టర్లు కాక్సిడియోసిస్ అంటారు. ఐమీరియా అనే కంటికి కనిపించని పరాన్నజీవి పేగుల్లో చేరి తెచ్చే జబ్బు. కోళ్లకు వచ్చే ఐమీరియా రకాలు ఏడని పుస్తకాల్లో ఉంటుంది. వాటిలో టెనెల్లా అనేది పేగుల చివర రెండు సంచుల్లా ఉండే గుడ్డి పేగుల్లో చేరి నెత్తురు కార్పిస్తుంది. రెట్టతో బయటపడ్డ దీని గుడ్లకు తడి, వెచ్చదనం, గాలి దొరికితే ఒకటి రెండు రోజుల్లోనే అంటించే శక్తి వస్తుంది. కోడిపిల్ల నేల మీద నూకలు ఏరుకుంటూ వాటినీ మింగుతుంది. నాలుగైదు రోజులకల్లా నెత్తురు పడుతుంది, వారం తిరిగేసరికి ఆ పిల్ల రెట్టలోనే వేలకు వేలు మళ్లీ బయటికొస్తాయి. పెద్ద కోళ్లు ఇదివరకే తట్టుకుని ఉంటాయి కాబట్టి వాటికి ఏమీ కాదు, కానీ రెట్టలో వేస్తూనే ఉంటాయి. మూడు నుంచి ఆరు వారాల పిల్లలకే ఎందుకు వస్తుందో, తల్లి ఎందుకు బాగుందో దీంతో తెలిసిపోవడం లేదా? మన జిల్లాలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాయుగుండం మీద వాయుగుండం. గూడు కింద ఊక తడిసి ముద్దవుతుంది. ఏటా ఈ నెలల్లో ఈ జబ్బు రాకపోతేనే వార్త వేయాలి.

అన్నట్టు, కోళ్ల ఐమీరియా మనుషులకు రాదు. మేకపిల్లలకూ పారుడు వస్తుంది కానీ ఆ జాతి వేరు, కోడి నుంచి మేకకు అంటదు. ఈ రెండు ముక్కలు మీ వార్తలో ఉండి ఉంటే మా మారుబేరగాడు బండి తిప్పేవాడు కాదు.

వార్తలో పేరు వేయని అధికారి ఒకరు నులిపురుగుల మందు తాగించమన్నారట, భయపడవద్దన్నారట. భయం సంగతి అట్లుంచండి. నులిపురుగుల మందు ఏలికపాములకు, బద్దెపురుగులకు పనిచేస్తుంది. ఇది పురుగే కాదు, ఏకకణ జీవి. దీనికి అల్బెండజోల్ తాగించినా ఒకటే, నీళ్లు తాగించినా ఒకటే. ఆ మాట ఆయనే అన్నాడో మీ విలేకరే కల్పించాడో నాకు తెలియదు. ఎవరన్నా అచ్చయింది మీ పేపర్లో.

ఇక మందుల అంగళ్ల సంగతి. పిల్లలు పారుతున్నాయని చెప్పడం ఆలస్యం, ఒక యాంటీబయాటిక్ పొడి, ఒక లివర్ టానిక్, ఒక బి కాంప్లెక్స్ సీసా సంచిలో వేసి ఇస్తారు. ఆ మామూలు యాంటీబయాటిక్ ఐమీరియాను ఏమీ చేయదు. ఇట్లా అవసరం లేనిచోట పోసీ పోసీ చివరికి మనుషులకు పనికొచ్చే మందులు కూడా మొద్దుబారిపోతున్నాయనే కదా, 2019లో కేంద్రం కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌ను కోళ్లకు వాడకుండా నిషేధించింది. బి కాంప్లెక్స్ ఇంకా ఘోరం. ఈ జబ్బుకు ఎప్పటినుంచో వాడుతున్న మందు ఆంప్రోలియం. అది బి1 విటమిన్ వేషం వేసుకుని పరాన్నజీవి నోటికాడ కూడు లాగేస్తుంది. ఒక పక్క ఆ మందు పోస్తూ ఇంకో పక్క బి1 ఉన్న టానిక్ పోస్తే ఎవరికి బలం వస్తుందో చెప్పండి? ఆ టానిక్ మందు కోర్సు అయ్యాక ఇవ్వొచ్చు, అప్పుడు మంచిదే.

మీరు వేయలేదు కాబట్టి నేనే రాస్తున్నాను. ఆంప్రోలియం 20 శాతం పొడి లీటరు నీళ్లకు 1.2 గ్రాములు, మూడు నుంచి ఐదు రోజులు. తర్వాత లీటరుకు 0.3 గ్రాముల చొప్పున ఇంకో వారం, రెండు వారాలు. పాకెట్ మీద కొలత ఒకసారి చూసుకోవాలి, డాక్టరు అందుబాటులో ఉంటే అడగాలి. రోజూ కొత్తగా కలపాలి. జబ్బు చేసిన పిల్ల మేత ముట్టదు కానీ నీళ్లు తాగుతుంది, అందుకే నీళ్లలో ఇచ్చేది. అయితే పెరటి పిల్లలు మన పళ్లెంలోనే తాగుతాయా? కొళాయి కింద గుంటలో తాగుతాయి, గేదెల తొట్టి దగ్గర తాగుతాయి. మందు నడిచినన్నాళ్లు గంప కింద మూసో, గూట్లో పెట్టో వేరే నీళ్లు అందకుండా చూడాలి. చాలామంది తప్పేది ఇక్కడే, మందు పనిచేయలేదనేదీ ఇక్కడే. నెత్తురు కనిపించిన ఒక్క పిల్లకే కాదు, ఆ ఈడు పిల్లలన్నిటికీ ఇవ్వాలి, మొదటి రోజే ఇవ్వాలి. ముదిరాక ఆంప్రోలియం అంతగా అందుకోదు. అప్పుడు టోల్ట్రాజురిల్ 2.5 శాతం ద్రావణం లీటరుకు ఒక మిల్లీలీటరు చొప్పున రెండు రోజులు ఇస్తారు. గుడ్లు పెట్టే కోళ్లకు మాత్రం అది పోయకూడదు.

ఇంత సులువైన వైద్యం ఉంది, మరి పిల్లలు ఎందుకు చస్తున్నాయి? పాకెట్టు వంద గ్రాములుంటుంది కాబట్టి. వంద గ్రాములంటే ఎనభై లీటర్ల పైచిలుకు మందు నీళ్లు. ఒక పిల్లల కోడి, దాని కింద పది పిల్లలు ఉన్న ఆడమనిషికి రోజుకు లీటరు కూడా చెల్లదు. ఆమె అంత పాకెట్టు కొనదు. ఎవరో ఇచ్చిన చిటికెడు పొడి కొంగున కట్టుకొచ్చి కంటి అంచనాతో కలుపుతుంది. 1.2 గ్రాములు తూచాలంటే మా ఊళ్లో బంగారం పనిచేసే ఆచారి దగ్గరికే పోవాలి మరి. పది గ్రాముల పొట్లాలు కట్టించి పశువుల ఆస్పత్రుల్లో ఉంచితే ఖజానా ఏమన్నా ఖాళీ అవుతుందా?

వార్త వచ్చిన మర్నాడు మా పల్లెకు పశుసంవర్ధక శాఖ జీపు రాకపోలేదు. వచ్చి వీధంతా బ్లీచింగ్ చల్లి, ఫోటో తీసుకుని, ఆ ఫోటో సెల్లులో పైకి పంపి వెళ్లిపోయారు. ఐమీరియా గుడ్డు పెంకు బ్లీచింగ్‌కు లొంగదు, ఫినాయిల్‌కూ లొంగదు. ఎండకు, వేడికి, పొడికి లొంగుతుంది. తడిసిన ఊక ఎత్తిపారేసి పొడి ఊక పరచడం, గూట్లో కాగే నీళ్లు పోసి ఎండబెట్టడం, నీళ్ల పళ్లెం ఇటుకరాయి మీద ఎత్తుగా పెట్టి రెట్ట పడకుండా చూడడం, ఇవీ చెప్పాల్సింది. వాటికి ఫోటో రాదనుకుంటా. చచ్చిన పిల్లను ఒక్కదాన్ని కోసి చూసినవాడు లేడు. కోస్తే గుడ్డి పేగులు రెండూ నెత్తురుతో ఉబ్బి కనిపిస్తాయి, పసిపిల్లాడికైనా తెలుస్తుంది. కాస్త రెట్ట గాజు పలక మీద పూసి మైక్రోస్కోపు కింద పెడితే అరగంట పని. నేను ఉద్యోగంలో చేరిన కాలంలో మైక్రోస్కోపు బల్ల మీద ఉండేది. రిటైరయ్యేనాటికి బీరువాలో ఉంది, తాళంచెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదు.

గేదె అంటే కదులుతారు, పొట్టేలంటే కదులుతారు, కోడి అంటే నవ్వుతారు. పథకాల కింద వనరాజా, గ్రామప్రియ అనే పెరటి కోడి రకాల పిల్లలు పంచేటప్పుడు మాత్రం కోడే మహాలక్ష్మి. పంచేది ఎప్పుడు? సాధారణంగా నాలుగు వారాల వయసులో. సరిగ్గా ఈ జబ్బు పొంచి ఉండే వయసు. పిల్లల పెట్టె చేతిలో పెట్టి, కెమెరా వైపు చూడమ్మా అంటారే కానీ, రెట్ట చూసుకోమ్మా అన్నవాణ్ణి నేను చూడలేదు. కొక్కెర తెగులు టీకా సంగతి అడిగితే అదొక పెద్ద కథ, ఇంకోసారి రాస్తాను.

మా మెట్టలో కోళ్లు ఆడవాళ్ల ఆదాయం. గుడ్ల డబ్బు, పుంజు అమ్మిన డబ్బు మొగుడికి లెక్క చెప్పనక్కరలేనిది. పిల్లల నోటు పుస్తకాలు, పొదుపు సంఘం కిస్తీ దాంట్లోనే. కలిగిరి పక్కన దూబగుంట ఆడవాళ్లు 1990లలో సారా అంగళ్ల మీద తిరగబడి ప్రభుత్వం చేత సారా నిషేధం పెట్టించిన నేల ఇది. ఆ పక్క పల్లెల ఆడవాళ్లు ఈనాడు చచ్చిన కోడిపిల్లను గుడ్డలో చుట్టుకుని ఆస్పత్రికి పోతే, సార్ మీటింగుకు పోయారు రేపు రమ్మంటున్నారు. రేపటికి ఆ పిల్ల కుళ్లిపోతుంది. అందులో చూసేదేమీ ఉండదు.

మీకు ఒక విన్నపం, శాఖ వారికి ఒకటి. మీరు ఆ వార్తకు సవరణ వేయండి. వేస్తే అదే జిల్లా పేజీలో, అంతే అక్షరాల్లో వేయండి, సంతాప ప్రకటనల సందులో కాదు. కోడిగుడ్డు రేటు రోజూ వేస్తున్నారు కదా, వానల నెలల్లో వారానికి ఒకసారి నాలుగు వాక్యాలు ఈ జబ్బు గురించి వేయడానికి చోటు లేకపోదు. శాఖ వారు ఆ పది గ్రాముల పొట్లాలు, దానితో పాటు ఒక కొలత చెంచా వచ్చే ఏడు సెప్టెంబరు లోపల ప్రతి పల్లెకూ చేర్చాలి. నవంబరులో పంపి, రిజిస్టరులో సెప్టెంబరు అని రాసుకుంటే కుదరదు. ఆ రిజిస్టర్లు రాసినవాళ్లలో నేనూ ఒకణ్ణి, ఎట్లా రాస్తారో నాకు తెలుసు.

ఇట్లు,
ఒక రిటైర్డు పశువైద్య సహాయకుడు,
నెల్లూరు జిల్లా మెట్ట ప్రాంతం