నాన్నా, చిన్నోడి అప్లికేషన్ గురించి

లీడ్స్, ఇంగ్లండు,
ఆదివారం రాత్రి

నాన్నకి నమస్కారాలు.

ఉభయకుశలోపరి. ఇక్కడ అందరం బాగున్నాం. పాపకి జలుబు తగ్గింది, రేపటినుంచి బడికి పంపుతాను. అమ్మ మోకాలి నొప్పికి డాక్టరు రాసిన మాత్రలు వాడుతోందో లేదో మీరే కాస్త చూడండి, అడిగితే నాకు నిజం చెప్పదు.

గురువారం మీరు "నాకొచ్చిన ఇంగ్లీషు అంతేలేమ్మా, పాతకాలం వాణ్ణి" అని ఫోను అమ్మకిచ్చేశారు. అప్పటినుంచీ నా మనసు మనసులో లేదు. చిన్నోడి ఉద్యోగం అప్లికేషన్ మీరు దగ్గర కూర్చుని రాయించారని నాకు తెలియదు నాన్నా. వాడే ఎక్కడో చూసి రాసుకున్నాడనుకుని, సగం కొట్టేసి ఎర్ర అక్షరాలతో దిద్ది పంపేశాను. తెలిసుంటే ముందు మీతో మాట్లాడేదాన్ని. మళ్ళీ ఫోనులో చెబితే సగంలో గొంతు పట్టేస్తుందని కూర్చుని రాస్తున్నాను.

నాకు ఇంగ్లీషు ఉత్తరం నేర్పింది మీరే. తెనాలిలో మన టైపు ఇన్‌స్టిట్యూట్‌లో, కిటికీ పక్క మిషను మీద, ఎనిమిదో తరగతి సెలవుల్లో. టైపు హయ్యర్ పరీక్షకి కట్టిన పిల్లలకి మీరు బిజినెస్ లెటర్ చెబుతుంటే పక్కన కూర్చుని నేనూ కొట్టేదాన్ని. తేదీ ఎక్కడ రావాలి, సబ్జెక్ట్ కింద గీత ఎక్కడ ఆగాలి, పేరాకీ పేరాకీ మధ్య ఎంత జాగా వదలాలి. ఒక్క అక్షరం తప్పు పడితే కాగితం లాగేసి కొత్తది పెట్టించేవారు. ఇప్పటికీ మెయిల్ పంపే ముందు మొదటినుంచి చివరిదాకా ఒకసారి చదువుకుంటాను. అది మీ చేతి చలవే.

అయితే ఇక్కడికొచ్చిన కొత్తలో జరిగిన ఒక సంగతి మీకు చెప్పలేదు. మా టీమ్‌లో ఒకాయన ప్రోగ్రాములో కొన్ని మార్పులు చేసి, చూడమని నాకు ఇచ్చారు. చూశాను. రెండు ప్రశ్నలు రాసి, కింద "కైండ్లీ రివర్ట్" అని పెట్టి పంపాను. మన ఆఫీసుల్లో రివర్ట్ అంటే జవాబివ్వమని. హైదరాబాద్‌లో ఉన్న నాలుగేళ్ళూ రోజుకి పదిసార్లు రాసిన మాట అది. ఇక్కడ దాని అర్థం వేరు, ముందున్న స్థితికి తిరిగి వెళ్ళడం. ప్రోగ్రాములు రాసేవాళ్ళకైతే, చేసిన మార్పు తీసేసి పాతది పెట్టడమే. ఆయన అదే చేశారు. మర్నాడు పొద్దున చూద్దును కదా, ఆయన మూడు రోజులు కూర్చుని చేసిన పని లేదు! అడిగితే, "నువ్వే తీసెయ్యమన్నావు కదా" అని నా మెయిల్ చూపించారు. కోప్పడలేదు. కాపీ ఉంది కాబట్టి మధ్యాహ్నానికల్లా మళ్ళీ పెట్టేశారు. నాకు మాత్రం ఆ పూట అన్నం దిగలేదు.

తర్వాత ఇంకోటి. మీటింగులో ఒకమ్మాయి వేసిన ప్లాను విని "ఐ హావ్ ఎ డౌట్" అన్నాను. మనకి డౌట్ అంటే తెలియనిది అడగడం. వీళ్ళకి డౌట్ అంటే నమ్మకం లేకపోవడం. ఆ అమ్మాయి మొహం చిన్నబోయింది. అప్పటినుంచి "క్వశ్చన్" అంటున్నాను. ఆ అమ్మాయికి కూడా తర్వాత విడిగా చెప్పాను, మా వైపు ఆ మాట అలా వాడతామని.

చిన్నోడు అప్లై చేసేది ఇక్కడి క్లయింట్లతో పనిచేసే ఆఫీసుకి. వాడు రేపు రాసే ప్రతి మెయిలూ ఇలాంటివాళ్ళే చదువుతారు. నాకు అయినట్టు వాడికి కాకూడదనే నా తాపత్రయం.

మీరు నేర్పింది తప్పు అని మాత్రం అనుకోకండి. "డూ ద నీడ్‌ఫుల్", అదే 'చెయ్యవలసింది చెయ్యండి' అనే మాట, మనవాళ్ళు పుట్టించింది కాదు. ఒకప్పుడు ఇక్కడివాళ్ళే రాసుకునేవారు. వాళ్ళ దొరతనంలో అది మన కచేరీల్లోకి వచ్చింది. వీళ్ళు దాన్ని వదిలేశారు, మన గుమాస్తాలు తరం తర్వాత తరం జాగ్రత్తగా కాపాడుకుంటూ వచ్చారు. "ప్రీపోన్" సంగతీ చెప్పాలి. పోస్ట్‌పోన్‌కి ఎదురుమాట కావాలంటే మనవాళ్ళకి చటుక్కున దొరికింది. ఇక్కడ చాలామందికి తెలియదు గానీ ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులో ఉంది. ఆ మాట నేను వదలను.

మా ఆఫీసులో రిటైర్మెంటుకి దగ్గరపడిన ఒకావిడ ఉన్నారు. ఇంగ్లీషులో ఒక్కో పనికి రెండేసి మాటలెందుకని ఒకరోజు భోజనాల దగ్గర అడిగాను. 1066లో ఫ్రాన్సులోని నార్మండీ నుంచి వచ్చినవాళ్ళు ఇంగ్లండుని గెలిచారట. కోటల్లో, కోర్టుల్లో ఫ్రెంచి, పొలాల్లో ఇంగ్లీషు. పశువుని మేపేవాడికి అది కౌ, వండించుకు తినే దొరకి బీఫ్. బిగిన్ పక్కన కమెన్స్, బై పక్కన పర్చేజ్ వచ్చి కూర్చున్నాయి. కోర్టుల్లో వాదనలు ఇంగ్లీషులో జరగాలని చట్టం రావడానికి 1362 దాకా పట్టింది. ఇది వింటుంటే నాకు మన నీళ్ళూ జలమూ, ఇల్లూ గృహమూ గుర్తొచ్చాయి. దాహమేసినవాడు ఎవడూ జలం ఇమ్మనడు కదా. పెద్ద మాట రాస్తే పెద్దమనిషిలా కనిపిస్తామన్న నమ్మకం ఇక్కడా వందల ఏళ్ళు ఉంది.

దాన్ని ఎదిరించినవాళ్ళూ ఉన్నారు. 1979లో క్రిస్సీ మేహర్ అనే లివర్‌పూల్ ఆవిడ లండన్‌లో పార్లమెంటు ఎదుట మైదానంలో నిలబడి, ఎవరికీ అర్థంకాని గవర్నమెంటు ఫారాలు ముక్కలు ముక్కలు చేశారు. యుక్తవయసు వచ్చేదాకా ఆవిడకే సరిగ్గా చదవడం రాదట. ప్లెయిన్ ఇంగ్లీష్ క్యాంపెయిన్, అంటే అందరికీ అర్థమయ్యే సాదా ఇంగ్లీషు కోసం ఉద్యమం, అలా మొదలైంది. ఇప్పుడు ఇక్కడి ప్రభుత్వ వెబ్‌సైటుకి రాసేవాళ్ళకి నియమాలున్నాయి: పర్చేజ్ అనకు, బై అను. అసిస్ట్ అనకు, హెల్ప్ అను. మన తాలూకాఫీసు బయట చెట్టుకింద కూర్చుని ఫారాలు నింపిపెట్టే ముసలాయన గుర్తున్నాడా? ఆ పేదవాళ్ళు ఫారానికింత అని ఇచ్చుకునేది ఈ పెద్ద మాటల వల్లే కదా నాన్నా. నాకు ఆవిడ మీద గౌరవం అందుకే.

ఇక మీరన్న అసలు మాట. "పెద్దవాళ్ళకి రాసేటప్పుడు మర్యాద కనపడొద్దా?" అన్నారు. ఈ నాలుగు రోజులూ దాని గురించే ఆలోచించాను. మనకి మీరు ఉంది, గారు ఉంది, అండీ ఉంది. ఇంగ్లీషులో అందరికీ ఒకటే యూ. ఆ గారుని, ఆ అండీని ఎక్కడో ఒకచోట పెట్టకపోతే మన ప్రాణం ఒప్పుకోదు. అందుకే రెస్పెక్టెడ్ సర్, కైండ్లీ, హంబ్లీ, ఐ బెగ్ టు స్టేట్. చిన్నోడి ఉత్తరం నిండా ఉన్నది మీ మర్యాదే, ఇప్పుడు అర్థమైంది. కానీ చదివేవాళ్ళకి అది చేరట్లేదు. కైండ్లీ అంటే ఇక్కడ ఒక్కోసారి విసుగ్గా మందలించినట్టు వినిపిస్తుంది. వీళ్ళ మర్యాద వేరేచోట ఉంది. ఇది చెయ్యి అని పురమాయించకుండా, "కుడ్ యూ" అని అడగడం. కావలసింది మొదటి వాక్యంలోనే చెప్పి అవతలివాళ్ళ సమయం మిగల్చడం. వాళ్ళ పేరు తప్పు లేకుండా రాయడం.

ఇంకొక్కటి చెబితే మీకు సంతోషం కలుగుతుంది. పోయిన నెల ఒక కస్టమరుకి కాగితం మీద ఉత్తరం పంపాల్సి వచ్చింది. డియర్ సర్ అని మొదలుపెడితే కింద ఫెయిత్‌ఫుల్లీ, పేరు పెట్టి మొదలుపెడితే సిన్సియర్లీ. ఈ తేడా మా టీమ్‌లో కుర్రాళ్ళెవరికీ తెలియదు. ఇక్కడ పుట్టి పెరిగినవాళ్ళకి! నేను చెప్పాను. ఎవరు నేర్పారని అడిగారు. మా నాన్నగారు, టైపు మిషను మీద, అన్నాను.

చిన్నోడికి కొత్త కాపీ పంపుతున్నాను. "విత్ రిఫరెన్స్ టు ది అబౌవ్ సైటెడ్ సబ్జెక్ట్" తీసేసి, ఏ ఉద్యోగానికో, వాడికి ఏ పని వచ్చో మొదటి రెండు వాక్యాల్లో పెట్టాను. మీరు నేర్పిన పేరాల అమరిక, చివరి సంతకం దగ్గర జాగా అలాగే ఉంచాను. వాడు పంపేముందు మీరు ఒకసారి చదవండి. ఎక్కడైనా కామా తప్పిందేమో చూసి చెప్పండి, నా కళ్ళకంటే మీ కళ్ళే పదును. ఈ వారమే ఆఖరు తేదీ.

అమ్మకి చెప్పండి, గోంగూర పచ్చడి సీసా పగలకుండా వచ్చింది. పాప వేలితో నాకి చూసి ఇంకా పెట్టమంది.

మీ,
పెద్దమ్మాయి