మంత్రి గారూ, ఐతమ్మ గొంతు పోనివ్వకండి

ఆంధ్రప్రదేశ్ సాంస్కృతిక శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

ఏటా కార్తీక అమావాస్యకు మా పల్నాడులోని కారంపూడిలో పల్నాటి వీరుల తిరునాళ్ళ మొదలవుతుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు అని ఐదు రోజులూ నాగులేరు ఒడ్డున జనం కిక్కిరిసిపోతారు. చిన్నప్పుడు మా అమ్మమ్మ నన్ను వెంటబెట్టుకుని వెళ్ళేది. పంబజోడు అనే డప్పు వాద్యం మోగుతుంటే, పల్నాటి వీరుల కథ పాడే వీరవిద్యావంతులు కథ చెప్పేవారు. బొంగరాల ఘట్టం వచ్చేసరికి అమ్మమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకునేది.

ఆ ఘట్టం మీకు తెలిసే ఉంటుంది. పల్నాటి యుద్ధం సంగతి కొడుకు చెవిన పడకూడదని ఐతమ్మ బాలచంద్రుణ్ణి బొంగరాలు ఆడుకోమని పంపింది. ఆ బొంగరం పోయి ఒక ఆడమనిషి కాలికి తగిలింది. మీవాళ్ళంతా పోరుకు పోతే నీకు ఆటలా అని ఆమె దెప్పింది. తల్లి దాచిందంతా ఆ ఒక్క మాటతో బయటపడింది. పెళ్ళాం ముఖం చూసైనా ఆగుతాడేమోనని కోడలు మాంచాల దగ్గరికి పంపింది ఐతమ్మ. మాంచాల ఆపలేదు. తానే సాగనంపింది. పిల్లాడు మళ్ళీ ఇంటికి రాలేదు.

12వ శతాబ్దపు ఆ యుద్ధంలో చివరికి ఎవరికి ఏం దక్కిందని అడిగితే మా వైపు చాలామంది తడుముకుంటారు. ఐతమ్మ బొంగరం ఎందుకిచ్చిందో మాత్రం ముసలమ్మలందరికీ తెలుసు. ఓరుగల్లు వీధిలో ఒక స్త్రీ ఈ వీరుల కథ పాడిందని క్రీడాభిరామం అనే పాత తెలుగు కావ్యంలో ఉంది. అంటే ఆరు వందల ఏళ్ళ కిందటే ఇది ఆడవాళ్ళ నోట కూడా ఉన్న పాట.

ఇప్పుడు సభల్లో దీనికి పది నిమిషాలిస్తున్నారు. అంత కొద్ది టైములో మిగిలేది పౌరుషం డైలాగులే. రాత్రుళ్ళ తరబడి సాగే కథలో ముందు కోతపడేది తల్లుల ఏడుపే. నా బాధంతా అదే.

అమెరికా పరిశోధకుడు జీన్ రోఘైర్ పల్నాడు వచ్చి, వీరవిద్యావంతుడి నోట ఈ కథ రికార్డు చేసుకున్నారు. ఆయన ఇంగ్లీషు అనువాదం 1982లో ఆక్స్‌ఫర్డ్ నుంచి వచ్చింది. మన ప్రభుత్వం కూడా ఇప్పుడున్న గాయకుల దగ్గర కూర్చుని మొత్తం కథ రికార్డు చేయించాలి. పాడిన ప్రతి రాత్రికీ వాళ్ళకు తగిన డబ్బు ఇవ్వాలి. ఆ రికార్డులు కారంపూడిలోనే, ఎవరైనా వెళ్ళి వినేలా ఉంచాలి.

ఈ కార్తీకానికి మీ అధికారులను పంపండి. బొంగరాల ఘట్టం తగ్గించి చెప్పమని మాత్రం ఎవరినీ అడగవద్దనండి.

ఇట్లు,
పల్నాడు వాసి