కలిసి పెరిగిన జెర్బిళ్లు కూడా విడిపోతాయి

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారాలు.

గత ఆదివారం మీ అనుబంధంలో పిల్లలకు అనువైన పెంపుడు జంతువుల గురించి వచ్చిన వ్యాసం చదివాను. ఎలుకజాతికి చెందిన జెర్బిల్ అనే చిన్న జంతువు ఒంటరిగా ఉంటే దిగులు పడుతుందని, దానికి తోడు ఉండాలని అందులో రాసిన మాట నిజమే. కానీ నాలుగైదింటిని కలిపి పెంచితే ఇంకా మంచిదన్న సలహా చూశాక ఈ ఉత్తరం రాయక తప్పలేదు. మేము న్యూజెర్సీలో ఉంటాము. కుక్కనో పిల్లినో పెంచే వీలు లేని అపార్టుమెంట్లలో, పిల్లలు అడిగి అడిగి ప్రాణం తీస్తుంటే, చివరికి జెర్బిళ్లను తెచ్చుకున్న తెలుగు కుటుంబాలు మా చుట్టుపక్కలే కొన్ని ఉన్నాయి. (కాలిఫోర్నియాలోనూ హవాయిలోనూ వీటిని పెంచడం చట్టవిరుద్ధం కాబట్టి అక్కడి పాఠకులకు ఆ సంగతి కూడా వ్యాసంలో చెప్పి ఉండవలసింది.) అలాంటి ఇళ్లకు ఆ సలహా ఎంత చేటు చేస్తుందో అనుభవించినదాన్ని కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను.

ఇళ్లలో పెంచే మంగోలియా జెర్బిల్ మన పొలంగట్ల బొరియల్లో కనిపించే ఎలుక కాదు. అది మంగోలియా, ఉత్తర చైనా పచ్చిక మైదానాల ప్రాణి. 1935లో అమూర్ నది పరీవాహక ప్రాంతంలో పట్టిన 20 జతలు జపాన్ ప్రయోగశాలకు చేరాయి, వాటి సంతతి 1954లో అమెరికాకు వచ్చింది. అన్ని తరాలుగా మనుషుల చేతుల్లో పుట్టి పెరుగుతున్నా దాని కుటుంబ కట్టుబాటు మాత్రం మారలేదు. ఆ మైదానాల్లో ఒక్కో బొరియల సముదాయం ఒక్కో కుటుంబానిది. పొట్ట మీద ఉండే గ్రంథిని నేలకూ రాళ్లకూ రుద్ది అవి తమ వాసనతో హద్దులు వేసుకుంటాయి. ఆ వాసన ఉన్నది ఇంటి మనిషి, లేనిది శత్రువు. కుటుంబంలో సాధారణంగా పెద్ద ఆడదే పిల్లల్ని కంటుంది, దాని పెత్తనం సాగినంత కాలం కూతుళ్లు అణిగే ఉంటాయి. ఏదో ఒకటి ఎదురు తిరిగిననాడు ఓడినది ఇల్లు విడిచి పారిపోతుంది. మన గాజు ట్యాంకులో పారిపోవడానికి చోటెక్కడ ఉంది?

మా అమ్మాయి తొమ్మిదో పుట్టినరోజుకు ఒకే ఈతలో పుట్టిన నాలుగు ఆడ జెర్బిళ్లను కొన్నాము. అక్కచెల్లెళ్లు కాబట్టి జీవితాంతం కలిసే ఉంటాయని దుకాణంవారు భరోసా ఇచ్చారు. తొమ్మిది నెలలపాటు అలాగే ఉన్నాయి కూడా. అట్టగొట్టాలన్నీ కొరికి పోగుచేసుకున్న గూట్లో నాలుగూ ఒకదాని మీద ఒకటి పడి నిద్రపోయేవి. లేచాక వెనక కాళ్ల మీద నిలబడి ముందు కాళ్లతో ఒకదాన్నొకటి కొట్టుకునేవి. అప్పుడప్పుడు ఒకటి ఇంకొకదాన్ని నాలుగడుగులు తరిమేది, మీదికి ఎక్కేది, నోటి దగ్గరి గింజ లాక్కునేది. ఇవన్నీ పెత్తనం చూపుకునే పద్ధతులే. తగ్గవలసినది నేలకు అణిగి ఊరుకుంటే గొడవ అక్కడితో సరి. దీన్ని చూసి కంగారుపడి వాటిని విడదీయడం పొరపాటు, ఎందుకంటే ఒక్క రోజు దూరంగా ఉన్నా వాసన మారి, బాగున్న గుంపు కూడా చెడిపోవచ్చు.

కనిపెట్టవలసిన గుర్తు వేరే ఉంది, నేను దాన్ని చూసి కూడా పోల్చుకోలేకపోయాను. నాలుగింటిలో చిన్నది గూడు వదిలి, నీళ్లసీసా కింద, పరుపుగా పరిచే పొట్టు కూడా సరిగా లేని మూలలో ఒక్కతే ముడుచుకుని పడుకోవడం మొదలుపెట్టింది. గూట్లో ఉక్కగా ఉందేమో అనుకున్నాను. నాలుగో రోజు చేతిలోకి తీసుకుని చూస్తే తోక మొదట్లో బొచ్చు ఊడిపోయి, బియ్యపు గింజంత మేర నెత్తురు గడ్డకట్టి ఉంది. జెర్బిల్ గుంపులో వేరుగా పడుకోవడమంటే వెలివేతే. తోక మొదట్లో, నడుము కింద గాట్లు ఉన్నాయంటే, అది పారిపోతుంటే వెనక నుంచి తరిమి కరుస్తున్నారని అర్థం.

అప్పుడు మా అత్తగారు తెనాలి నుంచి వచ్చి మా దగ్గరే ఉన్నారు. "తోడబుట్టినవే కదమ్మా, రెండు రోజులు పోతే వాటంతటవే సర్దుకుంటాయి" అన్నారు. ఆవిడ ప్రేమతో అన్నారు, మన ఇళ్లలో పిల్లల తగువులు అలాగే తీరతాయి కాబట్టి నేనూ నమ్మాను. పైగా ఉగాదికి ఇల్లంతా దులుపుతూ ఆ ట్యాంకును కూడా పూర్తిగా ఖాళీ చేసి, సబ్బునీళ్లతో కడిగి, కొత్త పొట్టు పోశాను. వాటి మధ్య మిగిలిన కాస్త ఉమ్మడి వాసననూ నా చేత్తోనే కడిగేశానని తర్వాత గానీ తెలియలేదు. ఆ రాత్రి పదిన్నరకు రెండు జెర్బిళ్లు ఒళ్లు ఉబ్బించి, ఒకదాని చుట్టూ ఒకటి పక్కవాటుగా తిరిగి, ఒక్కసారిగా బంతిలా చుట్టుకుపోయాయి. పెద్దగా అరుపులేమీ లేవు, పొట్టు ఎగిరిపడుతున్న చప్పుడే. నేను ఉత్త చేయి పెట్టి చూపుడువేలు చీల్చుకున్నాను. విడదీసేసరికి చిన్నదాని మెడ కింద లోతైన గాయమైంది. వైద్యుడు మందులిచ్చినా మూడో రోజు తెల్లవారేసరికి చనిపోయింది. ఎందుకు ముందే వేరు చేయలేదని మా అమ్మాయి అడిగిన ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు.

అటువంటి పోరు కంటపడితే చేయి పెట్టకుండా మందపాటి తువ్వాలు వేయాలి, లేదా రెండింటి మధ్యకు ఒక అట్టముక్క దించాలి. ఎట్టి పరిస్థితిలోనూ తోక పట్టుకుని లాగరాదు. జెర్బిల్ తోక తోలు ఊడి చేతికి వచ్చేస్తుంది, అది మళ్లీ పెరగదు. నెత్తురు వచ్చేదాకా పోరాడినవాటిని వెంటనే తిరిగి కలపకూడదు. ఉదయానికి శాంతించినట్టు కనిపించడం చూసి ఒకే ట్యాంకులో వేస్తే, రెండోసారి చావుతోనే ముగియవచ్చు. మిగిలినవాటిలో ఏది దేని ఒళ్లు శుభ్రం చేస్తోందో, ఏది దేని పక్కన నిద్రపోతోందో నిదానంగా చూసి, పొసగే జతను కదిలించకుండా ఉంచాలి.

ఒంటరిగా మిగిలినదానికి కొత్త తోడు కావాలంటే ట్యాంకు మధ్యలో ఇనుపవల అడ్డుపెట్టి కలిపే పద్ధతి ఒకటి ఉంది. వల కన్నాలు మూతి పట్టనంత చిన్నవిగా ఉండాలి, కింద తవ్వుకుని దూరే సందు ఉండకూడదు. చెరో పక్కన ఒక్కోదాన్ని ఉంచి, రోజుకు రెండు మూడుసార్లు వాటి చోట్లు మార్చాలి, అప్పుడు ఒకదాని వాసనలో ఇంకొకటి నిద్రపోవడం అలవాటవుతుంది. వారమైనా పడుతుంది, కొన్నిటికి ఇంకా ఎక్కువ పడుతుంది. వలను కొరకడం, కాలు నేలకు దడదడా కొట్టడం మానేసి, రెండూ వలకు ఆనుకునే గూళ్లు కట్టుకున్నాకనే అడ్డు తీయాలి. అదీ రోజంతా ఎదుట కూర్చుని చూసుకోగల సెలవు రోజున, పొద్దున్నే తీయాలి. ఎదిగిన రెండింటికన్నా, ఎదిగినదాన్నీ ఎనిమిది వారాలు నిండని పిల్లనూ కలపడం సులువు. మా ఇంట్లో మిగిలిన మూడింటిలో రెండు జతగా ఉండిపోయాయి. మూడోదానికి ఒక ఆడ జెర్బిల్ పిల్లను తెచ్చి పన్నెండు రోజులు ఇలాగే చేస్తే కలిసింది.

అసలు గుంపు చెడకుండా చూసుకోవడమే తేలిక. రెండు ఆడవి గానీ రెండు మగవి గానీ ఒకే ఈతవైతే సాధారణంగా నిలకడగా ఉంటాయి. మూడు నాలుగు ఆడవి కలిసి ఉన్న గుంపు ఎదిగేకొద్దీ విడిపోయే ప్రమాదం ఎక్కువ. గూళ్లు నాలుగైదు పెడితే ఒక్కోటీ ఒక్కోదాన్ని సొంతం చేసుకుని కాపలా కాస్తుంది, అందరూ పట్టే ఒకే గూడు మేలు. మేత గిన్నెలో పోయకుండా పొట్టులో చల్లాలి. శుభ్రం చేసినప్పుడు పాత పొట్టు కొంతా, గూడూ తీసి అలాగే తిరిగి పెట్టాలి.

ఇంకొక్క సంగతి మన కుటుంబాలకు ప్రత్యేకం. వేసవి సెలవుల్లో నెలా నెలన్నర ఇండియా వెళ్తూ, ఒకరి మీదే భారం వేయడమెందుకని రెండు జెర్బిళ్లను రెండిళ్లలో వదిలి, తిరిగి వచ్చాక ఒకే ట్యాంకులో వేసి నష్టపోయినవారు మాకు తెలిసినవారిలోనే ఇద్దరున్నారు. నెల తర్వాత అవి ఒకదానికొకటి పరాయివే. ఎవరికి అప్పగించినా జతగానే, వాటి ట్యాంకుతో సహా అప్పగించాలి.

వచ్చే ఆదివారం అనుబంధంలో ఆ వ్యాసానికి ఒక చిన్న సవరణ వేయవలసిందిగా కోరుతున్నాను. జెర్బిళ్లను జతగా పెంచమని, వేరుగా పడుకుంటున్నదాన్ని గమనించమని, నెత్తురు చూశాక తిరిగి కలపవద్దని మూడు వాక్యాలు చాలు. వేసవి ప్రయాణాలు మొదలయ్యే లోపే అచ్చయితే ఎక్కువమందికి అక్కరకు వస్తుంది.

ఇట్లు,
మీ పాఠకురాలు,
ఎడిసన్, న్యూజెర్సీ