మొదటి రీలు లేని సినిమాకు సర్టిఫికెట్ ఎక్కడి నుంచి తేవాలి, మంత్రి గారూ?

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. ఇది నేను మీకు రాస్తున్న ఆరో ఉత్తరం. మొదటి ఐదూ కవర్లో పెట్టి పంపాను. అవి మీ బల్ల దాకా వచ్చాయో, గుమ్మం దగ్గరే ఆగిపోయాయో తెలియదు. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాను.

సినిమా వారసత్వాన్ని కాపాడే పథకం గురించి మీకు నేను కొత్తగా చెప్పేదేం లేదు. 597 కోట్లన్నారు, సంతోషించాం. 2,200 సినిమాలు బాగు చేస్తామన్నారు, ఇంకా సంతోషించాం. నా గోడు మాత్రం 13 డబ్బాల గురించి.

మా నాన్న టూరింగ్ టాకీస్‌లో ఆపరేటర్. డేరా ఎత్తేసిన రోజు జీతం బాకీ కింద ఆయనకు ఇచ్చింది డబ్బు కాదు, ఒక పాత జానపద సినిమా ప్రింటు. డెబ్బైల నాటిది. 14 రీళ్ల సినిమా, అందులో మొదటి రీలు అప్పటికే లేదు. ఆయన బతికున్నన్నాళ్లూ ఏడాదికోసారి డబ్బాల మూతలు తీసి, ఫిలింకు గాలి తగలనిచ్చి, మళ్లీ చుట్టి పెట్టేవారు. ఇప్పుడా పని నేను చేస్తున్నాను.

నాలుగేళ్ల కింద ఒక డబ్బా మూత తీయగానే ముక్కు పగిలేంత పులుపు వాసన వచ్చింది. అచ్చం వెనిగర్. డెబ్బైల నాటి ఫిలిం అసిటేట్ అనే ఒక రకం ప్లాస్టిక్ మీద తీసింది. తేమ, వేడి తగిలితే దానిలోంచి ఆమ్లం ఊరుతుంది, ఊరిన ఆమ్లమే మిగతా ఫిలింను ఇంకా త్వరగా తింటుంది. పక్క డబ్బాలకూ అంటుకుంటుంది. ఒకసారి మొదలైతే ఆపలేం, చల్లగా ఉంచి నెమ్మది చేయగలం, అంతే. ఇదంతా మీ అధికారులకు నాకంటే బాగా తెలుసు. అందుకే పరుగెత్తుకుని వాళ్లకే రాశాను.

మొదటి జవాబు ఎనిమిది నెలలకు వచ్చింది. సినిమా పేరు, సెన్సార్ సర్టిఫికెట్ నంబరు తెలపండి అని. అయ్యా, సెన్సార్ సర్టిఫికెట్ సినిమా మొదట్లో వేస్తారు. టైటిల్స్ ఆ తర్వాత వస్తాయి. రెండూ ఉండేది మొదటి రీలులోనే. నా దగ్గర లేనిది ఆ ఒక్కటే అని ఉత్తరం మొదటి వాక్యంలోనే రాశాను. నాన్న ఆ సినిమాను ఎప్పుడూ "అద్దం సినిమా" అనేవారు. పోస్టర్ మీద ఏ పేరుందో ఆయనకూ గుర్తులేదు.

రెండో జవాబు: నిర్మాత నుంచి అభ్యంతరం లేదని పత్రం తీసుకురండి. పేరే తెలియని సినిమాకు నిర్మాతను నేనెక్కడ వెతకను? పోనీ తెలిసిందే అనుకుందాం. ప్రింట్లు తీసే అసలు ఫిలిం, అంటే నెగెటివ్ మీద హక్కులు ఒకరికి, పంపిణీ హక్కులు జిల్లాకొకరికి అమ్మిన రోజులవి. అప్పు ఇచ్చినాయన నెగెటివ్ తాకట్టు పెట్టుకున్న సినిమాలు ఎన్ని లేవు! సినిమాకు కాపీరైట్ 60 ఏళ్లు. అంటే ఆ గడువు తీరేది 2030 దాటాకే. అప్పటిదాకా ఆగమని ఫిలింకు ఎవరు చెబుతారు?

మూడో జవాబు అన్నిటికంటే అందంగా ఉంది. ఈ చిత్రం కళాత్మక ప్రాముఖ్యం ఏమిటో వివరించండి అని అడిగారు. చూడందే ప్రాముఖ్యం తెలియదు. బాగు చేయందే చూడలేం. ప్రాముఖ్యం ఉంటే తప్ప బాగు చేయరు. ఈ గుండ్రం చుట్టూ రెండేళ్లు తిరిగాను.

అయినా వివరిస్తాను. ఆ సినిమా గొప్పదని నేను అనను. హీరో నటన చూస్తే నవ్వొస్తుంది. కానీ తొమ్మిదో రీలులో ఆరు నిమిషాల పాటు ఒక్క మాట ఉండదు. రాకుమారి అద్దంలోకి నడిచి వెళుతుంది, అద్దంలోంచి ముగ్గురై వస్తుంది. లెన్స్‌లో మూడో వంతు మాత్రమే తెరిచి ఒకసారి, అదే ఫిలింను వెనక్కి తిప్పి ఇంకో వంతు తెరిచి రెండోసారి, మళ్లీ తిప్పి మిగిలిన వంతు తెరిచి మూడోసారి, అంతా కెమెరాలోనే చేశారు. ఒక్క ఫ్రేము తప్పినా మొదటి నుంచీ మళ్లీ తీయాలి. బి. విఠలాచార్య గారి జానపద సినిమాలు చూసి పెరిగినవాళ్లకు ఇలాంటి మాస్క్ షాట్ కొత్త కాదు. కానీ ఇక్కడ మూడో రాకుమారి కదలికలు ఉలిక్కిపడేంత వేరుగా ఉంటాయి. అది కావాలని చేశారా, చెయ్యి తప్పిందా? ఫిలిం బాగున్నప్పుడు చూస్తే తెలిసేది. పన్నెండో రీలులో ఒక్క పాట రంగుల్లో ఉంది. ఆ కాలపు ఈస్ట్‌మన్ కలర్ ఫిలిం కదా, నీలం వెలిసిపోయి ఆకాశం, చెరువు, రాకుమారి చీర అన్నీ గులాబీ రంగుకు తిరిగాయి.

ఆ ఏళ్లలోనే మణి కౌల్ హిందీలో దువిధ తీశారు. కొత్త పెళ్లికూతురి మీద మనసుపడి ఒక దెయ్యం భర్త రూపంలో వస్తుంది. 1973 నాటి ఆ సినిమా ప్రయోగం అయింది, జాతీయ అవార్డు తెచ్చుకుంది. మంచిదే. 1977లో మలయాళ దర్శకుడు అరవిందన్ కాంచనసీత తీస్తే మన ఆంధ్ర గిరిజనులే రాముడూ లక్ష్మణుడూ అయ్యారు, సీత మాత్రం మనిషిగా కనిపించదు, ప్రకృతిగానే ఉంటుంది. ఎంతమంది తెలుగువాళ్లు చూశారండీ దాన్ని? మన భాషలోనే శ్యామ్ బెనెగల్ తీసిన అనుగ్రహం మంచి ప్రింటులో చూసినవాళ్లు ఎందరు? పేరున్నవాటికే ఈ గతి అయితే నా అద్దం సినిమాను ఎవరు పట్టించుకుంటారు! 1976లో యువకులంతా కలిసి తీసిన మరాఠీ సినిమా ఘాశీరాం కొత్వాల్ ప్రింటు చివరికి బెర్లిన్‌లో దొరికింది. అరవిందన్ కుమ్మాట్టి తీసింది 1979లో, దాన్ని బాగు చేసి మళ్లీ తెరకెక్కించింది 2021లో. అందులో మాంత్రికుడి ఆటలో కుక్కగా మారిన పిల్లాడు మళ్లీ మనిషి కావడానికి ఏడాది ఎదురుచూస్తాడు. నేను నాలుగేళ్లుగా చూస్తున్నాను.

పుస్తకం అచ్చు వేస్తే కాపీలు గ్రంథాలయాలకు పంపాలని 1954 నుంచి చట్టం ఉంది. సినిమాకు అలాంటిది లేదు. చేయమని ఎన్నిసార్లు ఎందరు అడిగారో మీకే తెలియాలి. లేకపోబట్టే కదా బ్లాక్ అండ్ వైట్ ప్రింట్లను వెండి కోసం కరిగించారు! మా నాన్నకూ ఒకాయన కిలోల లెక్కన బేరం పెట్టాడు. నాన్న ఇవ్వలేదు. ఇచ్చేసి ఉంటే ఇవాళ మీకూ నాకూ ఈ శ్రమ లేదు.

ఏం కావాలని అడుగుతున్నానో మళ్లీ చెబుతాను. పెద్ద సినిమాల జాబితాలోంచి ఒక్కటి కూడా తీసేయొద్దు. ఎవరి సినిమానో తేలనివాటి కోసం ఒక అర ఖాళీ చేయండి. హక్కులు తేలేదాకా ఎవరికీ చూపించకండి, ముందు చల్లని గదిలో పెట్టండి. మనిషిని పంపండి. మనిషి లేకపోతే ఉత్తరం పంపండి. ప్రాముఖ్యం గురించి అడగని ఉత్తరం.

ప్రస్తుతానికి బాగా పాడైన డబ్బా మా ఇంటి ఫ్రిజ్‌లో, పెరుగు గిన్నె పక్కన, మూడు పాలిథీన్ కవర్ల మధ్య ఉంది. అది పద్ధతి కాదని తెలుసు. మా ఆవిడ కూడా అదే అంటోంది, కారణాలు వేరు. మీవాళ్లు ఎవరైనా వస్తే ముందు దాన్నే తీసుకోమనండి. అది తొమ్మిదో రీలు. మిగతా 12 ఇంకొంచెం ఆగగలవు.

ఇట్లు,
ఒక ఆపరేటర్ కొడుకు