యూరోపియన్ కమిషన్ కల్చర్ కమిషనర్ గారికి బహిరంగ లేఖ

కమిషనర్ గారూ, నమస్కారం. 250 ఏళ్లు దాటిన పురావస్తువుల్ని బయటి దేశాల నుంచి తెచ్చుకోవాలంటే ఇంపోర్ట్ లైసెన్స్ ఉండాల్సిందే అని 2025 జూన్ 28 నుంచి మీ దగ్గర రూల్ అమల్లోకి వచ్చింది, చాలా మంచి పని చేశారు, మనస్ఫూర్తిగా థ్యాంక్స్.

కానీ అందులో ఓ సందు ఉందండీ. 1972 ఏప్రిల్ 24కి ముందే సొంత దేశం దాటిన వస్తువైతే, ఆ తర్వాత ఐదేళ్లకు పైగా ఏ దేశంలో ఉందో అక్కడి నుంచి లీగల్‌గా వచ్చిందని చూపిస్తే సరిపోతుందంట. మా దేశంలో లైసెన్స్ లేకుండా పురావస్తువులు బయటికి పంపకూడదని 1947లోనే చట్టం వచ్చింది, మరి ఆ పాతికేళ్లలో దొంగతనంగా పోయినవాటి సంగతేంటి?

ఇంకోటి, ఊళ్లో గుడి విగ్రహం పోతే ముందు అడిగేది ఫోటో ఉందా అని. ఉంటే గింటే కల్యాణం రోజు తీసిందే ఉంటుంది, అందులో పట్టుబట్టలూ పూలదండలే తప్ప చేతులు ఎన్నో పీఠం ఎలా ఉందో ఏమీ కనపడదు, దాంతో ఏం నిరూపిస్తాం చెప్పండి. పాండిచ్చేరి ఫ్రెంచ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు 1950ల నుంచి గుళ్లలో తీసి దాచిన ఫోటోలు ఎంత పనికొచ్చాయో మీకు తెలిసే ఉంటుంది, తమిళనాడు శ్రీపురందాన్ నటరాజుని 2014లో ఆస్ట్రేలియా తిరిగిచ్చిందంటే ఆ ఫోటోల సాక్ష్యం కూడా ఉంది. అలాంటి పని ఆంధ్రా, తెలంగాణ పల్లెల్లో కూడా జరిగేలా ఫండ్స్ ఇవ్వండి. అలాగే మా వస్తువు మీద లైసెన్స్ అప్లికేషన్ వస్తే, ఇచ్చేముందు మా ఆర్కియాలజీ వాళ్లకి ఒక్కసారి చూపించండి, ప్లీజ్.